పాతిపెట్టిన ఫెరారీలు

1978 ఫిబ్రవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఓ ఇంటి పెరట్లో మట్టి తవ్వితే కారు బయటపడింది. అలాంటిలాంటి కారు కాదు, డీనో 246 జీటీఎస్. ఫెరారీ వాళ్ళ చిన్న కారన్నమాట. 1974లో ఎవరో కొన్నారు, కొన్న కొద్ది వారాలకే దొంగలెత్తుకుపోయారని పోలీసు రిపోర్టు నమోదైంది, బీమా కంపెనీ డబ్బులు కట్టేసింది. తీరా చూస్తే కారు భూమిలో ఉంది. పాతిపెట్టినవాళ్ళు మహా జాగ్రత్తపరులు. ప్లాస్టిక్కు పట్టా కప్పి, పురుగూ పుట్రా లోపలికి పోకుండా సందుల్లో గుడ్డలు కుక్కి మరీ పాతారు. తర్వాత దాన్ని ఒకాయన కొని, బాగు చేయించి, "తవ్వి తీసింది" అని అర్థం వచ్చే నంబరు ప్లేటు పెట్టుకుని ఝామ్మని తిప్పాడు.

ఈ కథ చెబితే అందరూ నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. కానీ నాకర్థం కానిదల్లా ఒకటే. ప్లాస్టిక్కు పట్టా కప్పి పెరట్లో పాతిపెడితే దొంగ అన్నాం. తేమ తగలని ఏసీ గదిలో, పట్టు లాంటి గుడ్డ కప్పి, పాతికేళ్ళు తాళం వేసి పెడితే మాత్రం ఆయన్ని "కలెక్టరు" అంటున్నాం. (మన జిల్లా కలెక్టరు కాదు లెండి. ఆయనైతే కనీసం జీపేసుకుని ఊళ్ళు తిరుగుతాడు.) కారు వైపునించి చూస్తే ఈ రెండిటికీ తేడా ఏమిటో కాస్త చెబుదురూ?

నా వాదన ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు కొట్టండి తిట్టండి. పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారు కొని నడపకుండా దాచుకునేవాడు దాన్ని కాపాడట్లేదు. యంత్రంగా దాన్ని చంపుతున్నాడు, చరిత్రగా దాన్ని దిద్దేస్తున్నాడు, పైగా మనందరికీ మేలు చేస్తున్నానని చెప్పుకుంటున్నాడు. మొదటి రెండూ వాడి ఇష్టం అనుకుని ఊరుకోవచ్చు. మూడోది మాత్రం ఒప్పుకునేది లేదు.

ముందుగా కాసిని అంకెలు

ఈ మతానికి మూలవిరాట్టు ఫెరారీ 250 జీటీఓ. 1962 నించి 1964 దాకా తయారైంది. మూడు లీటర్ల వీ12 ఇంజను, సుమారు 300 గుర్రాల శక్తి. మొత్తం చేసినవి 36. (నాలుగు లీటర్ల ఇంజను పెట్టిన మరో మూడిటిని కలిపి 39 అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో తగాదా పెట్టుకునే ఓపిక నాకు లేదు.) కొత్తలో అమెరికాలో దాని ధర 18 వేల డాలర్లు. అది 2014లో ఒక వేలంలో 3 కోట్ల 81 లక్షల డాలర్లకి పోయింది. 2018లో మరొకటి 4 కోట్ల 84 లక్షలకి. 2023 నవంబరులో న్యూయార్కులో ఇంకొకటి 5 కోట్ల 17 లక్షలకి.

ఇది నిట్టనిలువుగా ఎక్కిన నిచ్చెన అనుకునేరు! ఎంజో ఫెరారీ 1988 ఆగస్టులో చనిపోయాడు. ఇంక పెద్దాయన కార్లు రావని జనం ఎగబడ్డారు. 1989లో జీటీఓ ధర కోటి డాలర్లు దాటిపోయింది. ఆ తర్వాత బుడగ పేలింది. కొన్నేళ్ళు తిరిగేసరికి అదే రకం కారు అందులో మూడో వంతుకి కూడా కష్టమైంది. 1989లో కొన్నవాడి కారు ఏ గోడకీ గుద్దుకోలేదు, ఒక్క గీత పడలేదు, బహుశా గ్యారేజీ గడప కూడా దాటలేదు. అయినా డబ్బు మొత్తం తుక్కయింది. అంచేత "నడిపితే విలువ పోతుంది" అనేవాళ్ళకి నా మొదటి జవాబు: నడపకపోయినా పోతుంది నాయనా. నడిపి పోగొట్టుకుంటే కనీసం జ్ఞాపకాలైనా మిగుల్తాయి.

"ఒరిజినల్" అనే బ్రహ్మపదార్థం

ఈ సంతలో అన్నిటికన్నా గొప్ప మాట "ఒరిజినల్". ఇంజను మీద కొట్టిన నంబరు, గేరుబాక్సు మీది నంబరు, ఛాసిస్ నంబరు అన్నీ ఫ్యాక్టరీ లెడ్జరుతో సరిపోవాలి. సరిపోతే కోటి, పోకపోతే పావు కోటి. సాక్షాత్తూ ఫెరారీ వాళ్ళే ఇందుకోసం క్లాసికే అని ఒక విభాగం పెట్టి, కారుని పరీక్షించి, ఎర్ర అట్ట వేసిన పుస్తకం ఇస్తారు. కులం సర్టిఫికెట్టు టైపులో.

ఈ నంబర్ల పిచ్చి ఎక్కడిదాకా వెళ్ళిందో చెప్తాను. 2023 ఆగస్టులో మాంటెరే వేలంలో 1954 నాటి ఫెరారీ 500 మోండియాల్ ఒకటి అమ్మారు. కారంటే కారు కాదు. 1960లలో ఏదో పందెంలో గుద్దుకుని, తగలబడి, నలిగిపోయిన రేకుల ముద్ద. ముందేదో వెనకేదో తెలీదు. చక్రాల్లేవు, సీటు లేదు. మా ఊళ్ళో పాత ఇనప సామాన్ల వాడు కిలోల్లెక్కన కూడా బేరమాడేవాడు. దానికి పలికిన ధర 18 లక్షల 75 వేల డాలర్లు! కొన్నవాడు కొన్నది రేకులు కాదు, ఆ రేకుల్లో ఎక్కడో ఉన్న అంకెలు. ఆ అంకెల చుట్టూ కొత్త కారు కట్టుకుంటే లోకం దాన్ని 1954 కారు అంటుంది. అదే కారుని, అదే పనితనంతో, ఆ అంకెలు లేకుండా కట్టుకుంటే మాత్రం "నకిలీ" అంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ వాణ్ని. మా భాషలో చెప్పాలంటే ప్రోగ్రాము మొత్తం పోయింది, లైసెన్సు కీ ఒక్కటీ మిగిలింది, ఆ కీని కోట్లకి కొన్నారు. మా రంగంలో దీన్ని సంరక్షణ అనరు.

ఇంకో తమాషా ఉంది. జీటీఓ అంటే గ్రాన్ టూరిస్మో ఓమొలొగాటో. పందేలకి అనుమతి పొందింది అని. ఆ అనుమతి రావాలంటే అప్పట్లో 100 కార్లు తయారు చెయ్యాలి. ఎంజోగారు చేసినవి 36. మరెలా వచ్చింది అనుమతి? "ఇది కొత్త కారు కాదు స్వామీ, మా పాత 250 జీటీకే బాడీ కాస్త మార్చాం" అని కాగితాల మీద చూపించి తెచ్చుకున్నాడు. అంటే ఫ్యాక్టరీ సొంత లెక్క ప్రకారమే, భూమ్మీద అతి పవిత్రమైన "ఒరిజినల్" కారు నిజానికి మార్పులు చేసిన పాత కారు! పైగా 1964లో కొత్త బాడీ డిజైను వచ్చినప్పుడు, తిరుగుతున్న పాత జీటీఓలు కొన్నిటికి ఆ కొత్త బాడీలు తొడిగారు. అప్పుడెవరూ గుండెలు బాదుకోలేదు. ఎందుకంటే అప్పటికింకా అవి కార్లు. పందెం గెలవాలి, అంతే.

ఆ బాడీలైనా ఏమన్నా శిలాశాసనాలా? మోడెనాలో స్కాలియెట్టి పనివాళ్ళు అల్యూమినియం రేకుల్ని సుత్తులతో, కంటి కొలతతో, చేత్తో కొట్టి చేసినవి. ఒకదానికీ ఇంకోదానికీ పోలిక తేడా ఉంటుంది. అసలు ఒకే కారుకి ఎడమ పక్కకీ కుడిపక్కకీ తేడా ఉంటుంది. అలాంటిదాన్ని ఇప్పుడు "ఫ్యాక్టరీ స్థితికి" తెస్తామని, ఫ్యాక్టరీ ఏనాడూ వెయ్యనంత నున్నటి రంగు వేసి, ఎన్నడూ లేనంత సమానంగా తలుపు సందులు సరిచేసి, దాని మీద అరవై ఏళ్ళు జరిగిందంతా తుడిచేస్తున్నారు. ఒక పందెంలో గోడకి రాసుకుంటే పడ్డ సొట్ట, ఆ రాత్రికి రాత్రి మెకానిక్కు చేసిన రిపేరు, తర్వాతి యజమాని చుట్టూ తిప్పిన వైరింగు, ఇదంతా చరిత్ర. మా వాళ్ళ భాషలో చెప్తే, వేల మార్పుల చిట్టా మొత్తం చెరిపేసి మొదటి రోజు కాపీ ఒక్కటే ఉంచి "ఇదే అసలైనది" అనడం.

దీనికి సరిగ్గా ఎదురు వేషం కూడా ఉంది. 2014లో ఫ్రాన్సులో బయోన్ అనే కుటుంబం షెడ్లలో దశాబ్దాలుగా పడివున్న కార్ల గుట్ట ఒకటి బయటపడింది. అందులో పాత పత్రికల కట్టల కింద ఒక ఫెరారీ 250 జీటీ కాలిఫోర్నియా స్పైడర్ ఉంది. ఒకప్పుడు నటుడు అలెన్ డెలాన్ వాడిన కారు. 2015 ఫిబ్రవరి వేలంలో కోటీ 63 లక్షల యూరోలు పలికింది. పలికేటప్పుడు దాని మీద దుమ్ము అలాగే ఉంచారు! దుమ్ము కూడా ఒరిజినలే మరి. కడిగితే రేటు పడిపోదూ? రంగేస్తే ఒక రేటు, దుమ్ముంటే ఒక రేటు, కాలిపోతే ఒక రేటు. ఇన్నిటికీ రేటుంది గానీ, ఇంజను ఎలా పాడుతుందో దానికి మాత్రం కేటలాగులో కాలమ్ లేదు.

రథం సంగతి

మన ఊళ్ళలో గుడి రథం ఉంటుంది కదా. చక్రం విరిగితే వడ్రంగి కొత్త చక్రం వేస్తాడు. ఇరుసు మారుస్తారు, పలకలు మారుస్తారు, మోకు ఎప్పటికప్పుడు కొత్తదే. మా తాతగారు లాగిన రథంలో కర్ర ఇప్పుడు ఎంత మిగిలిందో ఆ దేవుడికే తెలియాలి. అయినా "ఇది నకిలీ రథం" అని ఒక్కడన్నా అన్నాడా? పూరీలోనైతే మరీ విడ్డూరం, జగన్నాథుడికి ఏటేటా కొత్త కర్రతో కొత్త రథమే కడతారు. అయినా నందిఘోష నందిఘోషే. ఎందుకంటే రథాన్ని రథం చేసేది కర్ర కాదు, ఏటా దాన్ని లాగే జనం, దాన్ని కట్టడం తెలిసిన వడ్రంగులు, అది తిరిగే వీధి.

మరి రథోత్సవం ఆగిపోయిన ఊళ్ళో రథం చూశారా? రేకుల షెడ్డులో తాళమేసి ఉంటుంది. ఒక్క పలకా ఎవరూ మార్చలేదు, అచ్చంగా "ఒరిజినల్". చెదలు మాత్రం హాయిగా తింటుంటాయి. ఏది కాపాడబడ్డ రథం?

కార్లకీ చెదలున్నాయి. నడపని కారులో రబ్బరు సీళ్ళు ఎండి పగుల్తాయి. పెట్రోలు కార్బురేటర్లలో జిగురుగా మారి జెట్లు మూసుకుపోతాయి. బ్రేకు ఆయిలు గాల్లో తేమని పీల్చుకుని లోపల్నించి తుప్పు పట్టిస్తుంది. టైర్లు చూడ్డానికి కొత్తవే, వయసు మీద పడి రాయిలా బిగుసుకుపోతాయి. ఫెరారీ ఎఫ్-40లో పెట్రోలు ట్యాంకు బదులు రబ్బరు సంచులుంటాయి. ఒక్క మైలు తిరక్కపోయినా సుమారు పదేళ్ళకోసారి వాటిని మార్చాల్సిందే. టెస్టరోసాకి టైమింగ్ బెల్టు మార్చాలంటే ఇంజను కిందికి దించాలి. ఆ బెల్టు గడువూ ఏళ్ళలోనే, మైళ్ళలో కాదు. అంటే కారు కదలకపోయినా కాలం కదులుతూనే ఉంటుంది. "300 మైళ్ళు మాత్రమే తిరిగింది" అన్న ప్రకటన చూస్తే కలెక్టర్లు లొట్టలేస్తారు. నాకు మాత్రం ఎన్నేళ్ళుగానో ఎవరూ రీస్టార్టు చెయ్యని సర్వరు గుర్తొస్తుంది. అది ఇంకా పనిచేస్తోందనడానికి ఉన్న ఏకైక సాక్ష్యం, ఎవరూ ముట్టుకోలేదు అన్నదే.

వాళ్ళ వాదనలు, నా జవాబులు

"వాడి డబ్బు, వాడి కారు. నీకెందుకురా నొప్పి?" హక్కు లేదని నేననలేదే. ఎవడైనా వీణ కొని గోడకి తగిలించుకోవచ్చు, పోలీసులేం పట్టుకోరు. కానీ అదే పెద్దమనిషి స్టేజీ ఎక్కి "నేను సంగీతాన్ని కాపాడుతున్నాను" అంటే మాత్రం కింద కూర్చున్నవాడికి అడిగే హక్కుంది.

"ఉన్నవే 36. పందెంలో పెట్టి గుద్దేస్తే?" గుద్దితే బాగు చేస్తారు. అరవై ఏళ్ళుగా చేస్తున్నదే అది. పింక్ ఫ్లాయిడ్ బ్యాండులో డ్రమ్ములు వాయించే నిక్ మేసన్ 1970ల చివర్లో ఒక జీటీఓని 40 వేల పౌండ్ల లోపే కొన్నాడు. అప్పట్నించీ నడుపుతున్నాడు. పందేల్లో తిప్పాడు, ఇంట్లోవాళ్ళకిచ్చాడు, బయటివాళ్ళకిచ్చాడు. దాని విలువేమన్నా తగ్గిందా? గుడ్‌వుడ్ రివైవల్ అని ఇంగ్లండులో 1998 నించీ జరుగుతోంది. కోట్ల విలువ చేసే కార్లని వానలో, బురదలో, ఒకదాన్నొకటి రాసుకుంటూ పరిగెత్తిస్తారు. ఆ కార్ల వెనక మెకానిక్కుల దండు ఒకటి బతుకుతోంది. అదీ సంరక్షణంటే.

"డబ్బున్నవాళ్ళు కొనకపోతే ఇవన్నీ ఏనాడో తుక్కులో కలిసేవి." ఇది ఒక్కటీ బలమైన వాదన, దీనికి తల వంచుతాను. 1960ల చివరికి జీటీఓ అంటే పాతబడ్డ పందెం కారు, ఎవరికీ అక్కర్లేదు. ఒక జీటీఓ అమెరికాలో టెక్సాస్‌లో ఒక హైస్కూలుకి దానంగా వచ్చింది, పిల్లలకి మెకానిజం నేర్పడానికి! ఆ స్కూలువాళ్ళు 1972లో దాన్ని 6,500 డాలర్లకి అమ్మేశారు. కొన్నాయన ఏళ్ళ తరబడి ఆరుబయట ట్రైలరు మీద ఎండకీ వానకీ వదిలేశాడు. ధర పెరిగింది కాబట్టే అలాంటివి బతికాయి. పగిలిన ఇంజను బ్లాకుకి కొత్తది పోత పోయించడం గిట్టుబాటయ్యింది కూడా ధర వల్లే. ఒప్పుకున్నాను.

కానీ ఆ పని ఎప్పుడో అయిపోయింది కదండీ? ఒక కారు పది లక్షల డాలర్లైన నాడే దాన్నెవడూ తుక్కుకి అమ్మడు. పది లక్షల నించి ఐదు కోట్లకి పెరిగితే దానికి అదనంగా దొరికిన రక్షణేమిటి? ఏమీ లేదు. దొరికింది భయం. ఏతావాతా ధర మొదట కారుని తుక్కు నించి కాపాడింది, తర్వాత రోడ్డు నించి కూడా కాపాడేసింది.

"ఇది కళాఖండం, కళాఖండాన్ని వాడతామా?" 2019లో ఇటలీలో బొలోన్యా కోర్టు సరిగ్గా ఇదే చెప్పింది, 250 జీటీఓ ఒక కళాసృష్టి, కాబట్టి వేరేవాళ్ళు దాని నకళ్ళు చెయ్యకూడదు అని. అడిగిందెవరు? ఫెరారీ వాళ్ళే. మరుసటేడు యూరపు ట్రేడ్‌మార్కుల ఆఫీసు మాత్రం ఆ కారు ఆకారం మీద వాళ్ళ ట్రేడ్‌మార్కుని ఆటబొమ్మల లాంటివాటికి తప్ప చాలావరకు కొట్టేసింది, వాడకం లేదు కాబట్టి. వాడకం లేదు! ఈ వ్యాసానికి నేను పేరు పెట్టకపోయి ఉంటే అదే పెట్టేవాణ్ని. సరే, కళే అనుకుందాం. ఏ కళ? బొమ్మా, శిల్పమా? కాదు. ఇది సంగీత వాద్యం లాంటి కళ. ఆరు వెబర్ కార్బురేటర్లు ఒక్కసారి గాలి పీల్చే చప్పుడు లేకపోతే అందులో సగం కళ లేదు. మ్యూజియంలో పెట్టిన నాదస్వరం నాదస్వరం కాదు.

అన్నట్టు, దాచుకున్నంత మాత్రాన మ్యూజియంలోనైనా శాశ్వతంగా ఉంటుందన్న భరోసా లేదు. 1965లో లే మాన్స్ గెలిచిన ఫెరారీ 250 ఎల్‌ఎం దశాబ్దాల పాటు ఇండియానాపొలిస్ స్పీడ్‌వే మ్యూజియం సొత్తు. 2025 ఫిబ్రవరిలో ప్యారిస్ వేలంలో 3 కోట్ల 49 లక్షల యూరోలకి వెళ్ళిపోయింది. జనం టిక్కెట్టు కొనుక్కుని చూసే కారు, ఇప్పుడు ఒక మనిషి తాళంచెవి కింద ఉంది.

మావాడి కథ

మా ఆఫీసులో ఒక కుర్రాడున్నాడు, తెనాలి వైపువాడు. మొన్నామధ్య లంచ్‌లో ఫోను తీసి చూపించాడు.

"అన్నా, ఫెరారీ 328. ఎర్రది. 9 వేల మైళ్ళే తిరిగింది. ఇంటి మీద లోను తీసుకుని లాగేద్దామనుకుంటున్నా."

"బావుంది. నడుపుతావా?"

"పిచ్చా అన్నా? మైళ్ళు పెరిగితే రేటు పడిపోద్ది."

"మరేం చేస్తావు?"

"స్టోరేజిలో పెడతా. ఐదేళ్ళాగి అమ్మేస్తా. స్టాకులకన్నా నయం."

"మీ ఆవిడకి చెప్పావా?"

"అది తర్వాత మాట్లాడదాం."

చూశారా? వీడు కోటీశ్వరుడేం కాదు. పదహారేళ్ళప్పుడు గోడమీద ఆ కారు పోస్టరు అంటించుకున్నవాడు. పాతికేళ్ళు కష్టపడి ఆ కారు కొనే స్థితికొచ్చి, ఇప్పుడు దాన్ని ఎక్కకూడదని నిర్ణయించుకున్నాడు! స్టోరేజి అద్దె, బీమా, గడువు ప్రకారం మార్చాల్సిన బెల్టులు, లోను మీద వడ్డీ. ఇవన్నీ పోగా ఐదేళ్ళ తర్వాత ఎవడో ఎక్కువ పెట్టి కొనాలి, వాడూ ఎక్కకూడదు, ఐదేళ్ళాగి ఇంకోడికి అమ్మాలి. ఎవరూ తినని బిర్యానీని చేతులు మార్చుకుంటూ పోతే రేటు పెరుగుతుందన్న నమ్మకం ఇది. పైనున్న ఐదు కోట్ల బేరాల వల్ల నాకేం నష్టం లేదు. ఆ బేరాలు చూసి మావాడి లాంటివాళ్ళు ఇల్లు తాకట్టు పెడుతున్నారు, అదీ నా కడుపుమంట. కలెక్టరు దొరకి నష్టమొస్తే ఒక కారు పోతుంది. మావాడికి నష్టమొస్తే ఇల్లు పోతుంది.

ఆ 328 కోసం మావాడు కట్టే ధరలో సింహభాగం "తిరక్కపోవడం" అనే సుగుణానికి. అదే కారు 60 వేల మైళ్ళు తిరిగింది, సర్వీసు కాగితాలన్నీ ఉన్నది, చాలా తక్కువకొస్తుంది, నిజానికి దానికన్నా బాగా నడుస్తుంది కూడా. ఎందుకంటే దాన్లో చెడిపోవాల్సినవన్నీ ఎప్పుడో చెడిపోయి బాగయ్యాయి.

మన దగ్గర

మనకెందుకొచ్చిన గొడవ అనుకోకండి, వచ్చేసింది. ఇదివరకు 1950కి ముందు తయారైన కార్లనే వింటేజి పేరుతో దేశంలోకి తెచ్చుకోనిచ్చేవారు. 2025లో ఆ నిబంధన మార్చి, 50 ఏళ్ళు దాటిన వాటికి తలుపు తీశారు. అంటే 1960ల, 70ల ఇటాలియన్ కార్లకి దారి దొరికినట్టే. ఇక 2021లో వచ్చిన రిజిస్ట్రేషన్ నిబంధనలు చూడండి. 20 వేల రూపాయలు కట్టి "వీఏ" అక్షరాలున్న ప్రత్యేక నంబరు తీసుకోవచ్చు. షరతులు: ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకూడదు. ఇక రోజువారీగా రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకీ, ర్యాలీకీ, పెట్రోలు పోయించుకోడానికీ, రిపేరుకీ మాత్రం తీసుకెళ్ళొచ్చు. కలెక్టరు దొర మతాన్ని సర్కారు వారు సాక్షాత్తూ గెజిట్లో అచ్చేయించారన్నమాట! రేపో మాపో జూబ్లీహిల్స్ సెల్లార్లలో ఈ కార్లు ముసుగేసుకుని కూర్చుంటాయి. అసలే సుంకాలతో ధర రెట్టింపై వచ్చిన కారు, పైగా మన రోడ్లు. బయటికి తీస్తారన్న ఆశ నాకు లేదు.

విచిత్రమేమిటంటే, మన తరం మనసుపడ్డ ఇటాలియన్ కారొకటి మన కళ్ళముందే దశాబ్దాలు తిరిగింది. ఫియట్ 1100. ప్రీమియర్ వాళ్ళు బొంబాయిలో చేశారు, తర్వాత పద్మిని అన్నారు. స్పోర్ట్స్ కారు కాదులెండి, స్టీరింగు పక్కన గేరు వెయ్యడానికే కసరత్తు చెయ్యాలి. కానీ ప్రతి ఊళ్ళో దాన్ని విప్పి బిగించడం తెలిసిన మేస్త్రి ఉండేవాడు. దొరకని స్పేరు పార్టు లేదు, దొరక్కపోతే లేతు మీద చేసిచ్చేవాడు. ఇరవై ఏళ్ళ గడువు తీరి ఆఖరి పద్మిని టాక్సీ ముంబై రోడ్ల మీంచి వెళ్ళిపోయింది 2023 అక్టోబరులో. అరవై ఏళ్ళనాటి డిజైనుని అంతకాలం బతికించింది ఏ క్లాసికే విభాగమూ కాదు, ఏ ఎర్ర పుస్తకమూ కాదు. రోజూ తిప్పడం, రోజూ బాగుచెయ్యడం.

కొనాలనుకునేవాళ్ళకి

కొనొద్దని నేననను. తప్పకుండా కొనండి. ఆ కార్లలో ఉన్న అందం, ఆ పిచ్చి ధైర్యం ఇప్పటి కార్లలో లేదు. కాకపోతే నడపడానికి కొనండి. మీ తాహతుకి మించి పెట్టిన ధర అంటే, మీకు కారు ఎక్కే ధైర్యం లేకుండా చేసే ధర అని అర్థం. ఫెరారీయే అక్కర్లేదు. ఆల్ఫా రోమియో స్పైడర్ ఉంది. ఫియట్ 124 స్పైడర్ ఉంది, సుమారు రెండు లక్షలు తయారయ్యాయి, అందులో ఎక్కువభాగం అమెరికాకే వచ్చాయి. పార్టులు దొరుకుతాయి. కొనేముందు ఆ కారు తెలిసిన మెకానిక్కుతో చూపించండి. రంగు కాదు, కింద పడుకుని తలుపుల కింద రేకులు చూడండి, ఆ కాలపు ఇటాలియన్ కార్లని చంపింది గుద్దుళ్ళు కాదు, తుప్పు. మైళ్ళు తక్కువన్న ప్రకటన కన్నా రిపేరు బిల్లుల కట్ట లావుగా ఉన్న కారుని నమ్మండి. రబ్బరు గొట్టాలు ఏ సంవత్సరంవో అడగండి. పాత కార్లలో పగిలిన పెట్రోలు పైపు నించి నిప్పంటుకునేవే ఎక్కువ.

ఇక అమ్మేవాడు నంబర్లు, సర్టిఫికెట్లు, వేలం రేట్ల గ్రాఫులు బల్లమీద పరుస్తుంటే, ఆయన చెప్పేదంతా ఓపిగ్గా విని, చివర్న ఒక్క ప్రశ్న వెయ్యండి: "అయ్యా, ఇది ఆఖరిసారి వానలో తడిసింది ఎప్పుడు?"

"ఎన్నడూ తడవలేదండీ!" అని గర్వంగా చెప్పాడనుకోండి, నమస్కారం పెట్టి వచ్చెయ్యండి. పోయిన నెలలో కొండదారిలో చిక్కుకుని, వైపరు పనిచెయ్యక, తడిసి ముద్దయ్యి, అయినా ఇల్లు చేరానని నవ్వుతూ చెప్పాడనుకోండి, ఆ కారు కొనండి.